చేసింది చెప్పవే, పేరు పెట్టకు

మొన్న రామచంద్రపురం చేపల సంతలో నా పక్కన కొత్తగా కూర్చున్న పిల్ల గోనెసంచి మూతి విప్పి, గుప్పెడు ఊక బూడిద తీసి కొరమీను మీద చల్లింది. కొరమీనుకి బూడిద పట్టించకపోతే చేతిలో నిలవదు, జారిపోతుంది. ఇప్పుడు మాకు స్టీలు బల్లలు వచ్చాయి, కుళాయి వచ్చింది, ఐసు పెట్టెలు వచ్చాయి గానీ కొరమీను దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ రైసు మిల్లు బూడిదే కావాలి. బూడిదా చేప జిగురూ కలిసిన ఆ వాసన ముక్కుకి తగలగానే కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. నూకరత్నం అత్త వచ్చి నా వెనక నిలబడి, "ఏంటే మంగా, చేప కోస్తన్నావా, దాంతో కబుర్లు చెబుతున్నావా" అన్నట్టే అనిపించింది. వెనక్కి తిరిగి కూడా చూశాను. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది.

నాకు సొంత అత్త కాదు. గోదావరి గట్టు మీద మా పేటలో పెద్ద ఆడవాళ్లందరినీ అత్తా అనే పిలుస్తాం. మనిషి పొట్టి, గొంతు మాత్రం సంత ఈ చివర నుంచి ఆ చివరకి వినపడేది. నోట్లో చుట్ట లేకుండా నేనెప్పుడూ చూడలేదు. బేరానికొచ్చిన వాళ్లని అండీ, గారూ అంటూనే ఏడిపించేది. ఒక మాస్టారు రోజూ వచ్చి ప్రతి చేప మొప్పా ఎత్తి చూసి, కొనకుండా వెళ్లిపోయేవారు. ఒకరోజు ఆవిడ చుట్ట తీసి, "ఏంటండీ మాస్టారూ, ఇన్నాళ్ల బట్టీ పెళ్లిచూపులే అయ్యాయి, తాంబూలాలు ఎప్పుడండీ" అంది. సంతంతా నవ్వింది. ఆయన సిగ్గుపడి ఆ పూట రెండు చేపలు కొనుక్కుని పోయారు, ఆ తర్వాత ఆవిడ దగ్గర తప్ప ఇంకెక్కడా కొనలేదు.

నా పెనిమిటి పేరు వీర్రాజు. వరదల రోజుల్లో ఒక మధ్యాహ్నం వలకి వెళ్లి మళ్లీ రాలేదు. పడవ మీద ఉన్నది ఇద్దరే, ఆయనా, ఆయన స్నేహితుడు సత్తిబాబూ. మా పెళ్లికి పందిరి రాటలు పాతినవాడు సత్తిబాబు. పడవ మీద ఆ మధ్యాహ్నం తాగి ఉండి, వద్దంటున్నా వినకుండా చుక్కాని తనే పట్టుకున్నాడు. సుడిలో పడవ తిరగబడింది. సత్తిబాబు ఈది బయటపడ్డాడు. నా పెనిమిటి కాళ్లకి వల చుట్టుకుపోయింది. పోలీసులు వచ్చారు, కేసయింది, సత్తిబాబుని జైల్లో పెట్టారు. నా ఒళ్లో పాలు తాగే పిల్ల మిగిలింది.

కడుపు ఊరుకోదు కదా. కర్మకాండలన్నీ అయ్యాక చేపల తట్ట ఎత్తుకుని సంతకి వెళ్లాను. చేపలమ్మే వాళ్లకి పొద్దున్నే బోణీ అంటే ప్రాణం. మొదటి బేరం ఎవరి చేత్తో జరిగితే రోజంతా అలాగే నడుస్తుందని నమ్మకం. మొగుడు పోయినదాన్ని చూస్తే బోణీ పాడైపోతుందని, నేను కూర్చోబోతే ఒక్కొక్కరూ తట్టలు పక్కకి జరుపుకున్నారు. ముండమోపి ఎదురొచ్చిందని ఒకావిడ నాకు వినపడేలాగే అంది. నేను తట్ట దించకుండా అలాగే నిలబడిపోయాను. అప్పుడు నూకరత్నం అత్త తన గోనెపట్టా సగం ఖాళీ చేసి, "ఇలా రా. ఇంకా నా బోణీ కాలేదు. నా దగ్గర ఒక చేప కొను" అంది. నాకు అర్థం కాలేదు. చేపలమ్మేదాన్ని, చేప కొనడమేంటి? ఆవిడ నా కొంగున ముడేసిన చిల్లర తనే విప్పుకుని, ఒక బొమ్మిడాయిని నా చేతిలో పెట్టి, ఆ చిల్లర కళ్లకద్దుకుంది. సంత నోరు మూతపడింది.

ఆ రోజు ఆవిడ బేరాలు బాగా జరిగాయని చెబితే వినడానికి బాగుంటుంది గానీ, జరగలేదు. సగం తట్ట మిగిలిపోయింది. ఇంటికెళ్లేటప్పుడు ఆటోలో నేను ఏడుస్తుంటే, "చేపలు మిగిలితే ఉప్పేసుకుంటాం. దానికీ నీకూ ఏంటే సంబంధం? రేపు కూడా నువ్వే బోణీ చెయ్యాలి, త్వరగా రా" అని కసిరింది.

ఆవిడకి ఒక పట్టుదల ఉండేది. సంతలో ఒక పిల్ల ఎవరూ చూడకుండా తట్టల్లోంచి చేపలు తీసేది. ఒకసారి దొరికిపోయింది. దొంగముండ అని అందరూ జుట్టు పట్టుకున్నారు, నేనూ అన్నాను. నూకరత్నం అత్త నన్ను పక్కకి లాగి, "చేసింది చెప్పవే, పేరు పెట్టకు. చేప తీసింది, ఆ మాట అను. తీసిన చేప తిరిగి ఇవ్వొచ్చు. దొంగ అనేశాక ఇంకేం ఇస్తాది?" అంది. తర్వాత ఆ పిల్ల చేత తీసిన చేపలు ఎవరివి వాళ్లకి ఇప్పించింది. దాని చెవి మెలిపెట్టి తిట్టింది కూడా. దయంటే బుగ్గలు నిమరడం అనుకునే మనిషి కాదు ఆవిడ.

ఈ మాట నాకు నచ్చింది, సత్తిబాబు తిరిగొచ్చేదాకా. జైలు నుంచి వచ్చేసరికి చిక్కి సగమైపోయాడు. వాడి ఇంటికప్పు పడిపోయి ఉంది, తల్లి పోయింది. మనిషిని మింగినోడు అని పేటలో పిల్లలు కూడా పిలిచేవాళ్లు, పడవ మీదికి ఎవరూ రానివ్వలేదు. నూకరత్నం అత్త వాడిని పిలిచి, రైసు మిల్లు నుంచి సంతకి ఊక బూడిద మోసే పని చెప్పింది. రోజూ తన అన్నంలో ఇంత వాడికి పెట్టింది. అది చూసిన రోజు నేను నా గోనెపట్టా ఎత్తుకుపోయి సంత ఆ చివర వేసుకున్నాను. ఆవిడతో మాట మానేశాను.

కొన్నాళ్లకి ఆవిడే గిన్నెలో నెత్తళ్ల పులుసు పట్టుకుని మా ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడింది. నేను ముఖం తిప్పుకునే, "వాడు హంతకుడు అత్తా" అన్నాను.

"తాగి చుక్కాని పట్టేడు. నీ మొగుడు పోయేడు. ఇందులో ఒక్క ముక్క నేను తగ్గించను. వాడి ముందే చెప్పేను."

"మరెందుకు వాడికి అన్నం పెడతన్నావు?"

"ఆకలేసిందే వాడికి." చుట్ట ఆరిపోయింది, మళ్లీ వెలిగించుకోలేదు. "నిన్ను క్షమించమని అడగడానికి రాలేదు నేను. నీ కోపం నీది, ఉంచుకో. సంతలో నీ నెత్తిన ఒక మాట పెట్టేరు గుర్తుందా? నువ్వంటే అదేనా?"

నేను గిన్నె దగ్గరకి లాక్కున్నాను. పులుసు తిన్నాను. ఉప్పు ఎక్కువైంది, ఆ మాట చెప్పలేదు.

మా పేటలో ఒక పద్ధతి ఉంది. ఒకడి వల్ల పడవ మీద మనిషి పోతే, వాడు పేటలో ఉండాలో పోవాలో పోయినవాడి పెళ్లాం నోటి నుంచే రావాలి. పెద్దలు రేవు దగ్గర కూర్చుని నన్ను పిలిపించారు. సత్తిబాబు తలొంచుకుని ఇసకలో కూర్చున్నాడు. వద్దు అని నేనొక్క మాట అంటే వాడు మూట కట్టుకోవాల్సిందే, వాడికి వేరే దిక్కులేదు. ఏం చెప్పమంటావని ముందురోజే అత్తని అడిగాను. అది నేను చెప్పేది కాదమ్మా అని చేపలు తోముకుంది.

ఒక పెద్దాయన, "ఆయ్, చెప్పమ్మా మంగా, ఈ మనిషిని మింగినోడిని ఏం చెయ్యమంటావు" అని అడిగాడు. ఆ పేరు వినగానే సత్తిబాబు వీపు ఇంకా వంగింది. సంతలో తట్టతో నిలబడ్డప్పుడు నా వీపూ అలాగే వంగింది. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు గొంతు వచ్చింది.

"ఆడి పేరు సత్తిబాబండి. తాగి చుక్కాని పట్టేడు, నా మొగుడు పోయేడు. ఇక బతికినన్నాళ్లూ చుక్కాని ముట్టకూడదు. పేటలో ఉండొచ్చు."

అంతే అన్నాను. సత్తిబాబు ఏడ్చాడు. నేను ఏడవలేదు. నాకేమీ తేలికపడలేదు కూడా. మర్నాడు గోనెపట్టా తీసుకెళ్లి మళ్లీ అత్త పక్కన వేసుకున్నాను. ఆవిడ జరిగి చోటిచ్చి, "బోణీ చెయ్యవే, పొద్దెక్కిపోతంది" అంది.

ఇప్పటికీ మా సంతకి బూడిద మోసేది సత్తిబాబే. నా బల్ల దగ్గర సంచి దించుతాడు, నా మొహంలోకి చూడడు. నేను తిన్నావా అని అడుగుతాను, ఆయ్ అంటాడు. అంతకు మించి మా మధ్య మాటల్లేవు, అక్కర్లేదు కూడా.

నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే ఇదంతా మా అమ్మాయి రాస్తోంది. పడవ సంగతి దగ్గరకొచ్చేసరికి దాని చెయ్యి ఆగిపోయింది. తండ్రి ముఖం గుర్తులేని పిల్ల. "అతన్ని ఏమని రాయాలమ్మా?" అంది. నీ కోపం నీది తల్లీ, ఉంచుకో అన్నాను. సత్తిబాబు అని రాయి అన్నాను. తాగి చుక్కాని పట్టేడని రాయి. నాన్న పోయేడని రాయి. ఇంకో మాట పెట్టకు.

రాసింది.