చివరి బంతి ఎప్పుడూ మా బావదే

మా బావ పోయాడు. పొద్దున పాలు పితికే వేళకు అక్క ఫోన్ చేసి, "రేయ్ తమ్ముడా, మీ బావ ఇంకా లేయలేదురా. ఎంత పిల్చినా పలకడు," అంది. చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను. వసారాలో చాప మీద కుడి పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు. కుడి భుజం కింద పెట్టి ఆయన పడుకోవడం నేను ఏళ్ల తరబడి చూడలేదు. ఆ భుజం మీద తువ్వాలు బరువు పడినా మూలిగేవాడు. డాక్టరు వచ్చి గుండె ఆగిపోయిందని చెప్పింది తర్వాత. నాకు మాత్రం ఆ భుజం చూడగానే తెలిసిపోయింది.

అందరికీ కబురు చెప్పే పని నా మీద పడింది. చిక్కు అక్కడే వచ్చింది. ఒకప్పుడు మా బేస్‌బాల్ టీములో క్యాచరుగా ఆడినవాడు ఇప్పుడు కొత్తచెరువులో టీ హోటలు నడుపుతున్నాడు. వాడికి ఫోన్ చేసి, "బావ చచ్చిపోయినాడ్రా," అన్నాను.

"పొద్దున్నే నీ ఎగతాళి మొదలాయనా? ఫోన్ పెట్టుప్పా, ఈడ పాలు పొంగుతాండాయి," అన్నాడు.

తప్పు వాడిది కాదు. తనిఖీకి ఆఫీసర్లు వస్తున్నారని గొంతు మార్చి ఫోన్ చేసి, వాడి చేత హోటల్లోని గ్లాసులన్నీ బూడిదేసి తోమించినవాణ్ని నేను. అలాంటివి మా చుట్టుపక్కల ప్రతి ఇంటికీ ఒకటైనా చేసి ఉంటాను. చివరికి ఫోన్ అక్క చేతికిచ్చాను. ఏడుపు విని నమ్మాడు. ఆ పూట ఎవరికి ఫోన్ చేసినా ఇదే వరస. చచ్చిపోయినవాడు పక్కనే ఉన్నా నా మాటకు సాక్షి కావలసి వచ్చింది.

మధ్యాహ్నానికి ఇంటి ముందు మోటారుసైకిళ్లు నిలపడానికి చోటు లేదు. మాతో ఆడినవాళ్లు వచ్చారు, మా చేతిలో ఓడినవాళ్లూ వచ్చారు. అనంతపురం నుంచి ఇద్దరు ముగ్గురు, తలలు నెరిసినవాళ్లు, ఒకే ఆటోలో దిగారు. ఒక్కొక్కడూ నా వీపు నిమిరి, "ఎట్లాంటి పిచ్చరప్పా!" అనేవాడు. అన్నది నన్ను కాదు. నేను తలూపుతూ కూర్చున్నాను. శవం పక్కన కూర్చుని కూడా నాకు కడుపు మండింది. దాచుకోవడం ఎందుకు, ఆయనకు ముందునుంచీ తెలిసిన సంగతే.

బేస్‌బాల్ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. మా హైస్కూలు డ్రిల్లు సారు ఎక్కడో శిక్షణకు పోయి వస్తూ, గోనెసంచిలో రెండు బ్యాట్లు, కొన్ని తోలు గ్లౌజులు తెచ్చి ఈ ఆట మాకు అంటించాడు. బడి వదిలి ఏళ్లయిన మాలాంటివాళ్లను కూడా సాయంత్రం గ్రౌండుకు లాక్కొచ్చాడు. పిచ్చరు బంతి విసురుతాడు, ఎదుటివాడు బ్యాటుతో కొడతాడు. కొట్టేవాడి వెనక ముసుగు తొడుక్కుని బంతి పట్టేవాడు క్యాచరు. మొదలుపెట్టిన పిచ్చరు చేయి అలిసిపోతే ఇంకొకడు దిగి ఆట ముగిస్తాడు. వాణ్ని రిలీఫ్ పిచ్చరంటారు. ఒకసారి బయటికి వచ్చినవాడు ఆ రోజుకు మళ్లీ దిగడానికి లేదు. మా టీములో మొదలుపెట్టేది నేను. ముగించేది మా బావ.

అంటే ఏమిటి? ఎండంతా నాది. ఆయన నీడలో కూర్చుని, వేరుశనగ కాయలు ఒలుచుకుని తిని, చివర్లో పొట్టు దులుపుకుని దిగుతాడు. పెళ్లిలో పొయ్యి ముందు కాలేది ఒకడు, గుమ్మం దగ్గర తాంబూలం ఇచ్చేది ఇంకొకడు. పోయేవాళ్లు భోజనం బాగుందని చెప్పేది తాంబూలం ఇచ్చినవాడికే కదా.

నేను ఇంటరు తప్పి ట్రాక్టరు మెకానిక్కు దగ్గర పని నేర్చుకున్నవాణ్ని. ఆయన చదువు అంత దూరం కూడా పోలేదు, గొర్రెల వెంట పోయింది. నా విసురు చింతకాయలు రాలగొట్టి వచ్చింది. ఆయనది మందను తోలి వచ్చింది. కాపరి రాయి గొర్రెకు తగలకూడదు. పక్కవాడి చేలోకి దారి తీసే గొర్రె మూతికి కాస్త ముందు పడాలి. దుమ్ము లేస్తుంది, అది తిరుగుతుంది, దాని వెనక మంద తిరుగుతుంది. "గొర్రెకు కాదప్పా, అది పోయే దావకు ఎయ్యల్ల రాయి," అనేవాడు. బ్యాటు పట్టుకున్నవాణ్ని కూడా ఆయన గొర్రె కిందే చూసేవాడు. వాడు ఎటు పోదామనుకుంటున్నాడో కనిపెట్టి, అంతకు ముందే ఆ దారిలో బంతి వేసేవాడు.

ఆయన్ని ఒక్కసారైనా నవ్వులపాలు చేయాలని నేను పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఒకరోజు పెద్ద ఉల్లిపాయకు తెల్ల టేపు చుట్టి, బంతి కుట్లలా ఎర్ర ఇంకుతో గీతలు గీసి, చేతిలో పెట్టాను. ఆయన విసిరాడు. బ్యాటుకు తగిలి అది తునకలు తునకలైంది. గ్రౌండంతా పడీ పడీ నవ్వింది. బావ నిదానంగా పోయి, పెద్ద తునక ఏరుకుని, పంచెకు తుడిచి నోట్లో వేసుకున్నాడు.

"ఎర్రగడ్డ బాగుండాది బామ్మర్దీ. రేపు సంగట్లోకి ఇంకోటి తీస్కరా," అన్నాడు.

నవ్వు నా చేతిలో నుంచి ఆయన చేతిలోకి పోయింది. నా ఎగతాళికి కూడా చివరి బంతి ఆయనే వేశాడు.

అసలు చెప్పాలనుకున్నది ఆ ఒక్క ఏడాది గురించి. ఆ ఏడు వాన మొహం చాటేసింది. వాన లేని ఏడు మా టీముకు జనం ఎక్కువ. పంట ఉంటే తొమ్మిదిమందిని కూడగట్టడానికి డ్రిల్లు సారు చేలగట్ల వెంట తిరగాల్సి వచ్చేది. వేరుశనగ కాయ పెరికే పని లేకపోయేసరికి, బెంగళూరుకు కూలికి పోనివాళ్లంతా గ్రౌండుకే వచ్చారు, బెంచీ చాలలేదు. అందరి నోటా ఒకటే మాట, ఈసారి జిల్లా కప్పు మనదని. నా లోపల ఇంకొకటి ఉండేది. ఒక్క ఆటైనా, మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా నేనే వేయాలి. ఒక్క ఆట.

అది తీరే దారి మొదట్లోనే కనబడింది. పాత దిగుడుబావిలో పడిన చూడి గొర్రెను పైకి లాగుతూ బావ కుడి భుజం బెణికించుకున్నాడు. చూడండి, ఆయనకు దెబ్బ కూడా ఎంత మర్యాదగా తగిలిందో! ఊరంతా పోయి ఆ గొర్రెను చూసి వచ్చింది. అదే నాకు తగిలితే, మోపెడ్ మీద నుంచి పడ్డాడనేవాళ్లు. నిజానికి నేను పడేది కూడా మోపెడ్ మీద నుంచే.

ఇక మా అమ్మ చేసిన హడావుడి! ఆముదం కాచి జిల్లేడాకులకు పూసి, వెచ్చజేసి అల్లుడి భుజానికి అద్దేది.

"అమ్మా, నా చేయి కూడా నొస్తాండాది," అన్నాను ఒక సాయంత్రం.

"నీకేమొచ్చిందిరా, దున్నపోతు చేయి. అట్ల జరుగు, అల్లునికి ఆకు చల్లారిపోతాది."

ఆకులతో ఆగి ఉంటే బాగుండేది. మా వైపు ఎముక, కీలు ఏది నొచ్చినా కట్టు కట్టించడం అలవాటు. విరిగిందా లేదా అని ఎవరం చూడలేదు. కట్టు కట్టే ఆయన్ని పిలిపించాం. ఆయన గుడ్డు సొన, ఆకు పసరు పట్టించి, వెదురుబద్దలు పెట్టి బిగించాడు. విరగని భుజానికి కట్టు! దగ్గరుండి బద్దలు పట్టుకున్నది నేనే, నాకూ తోచలేదు. విప్పేనాటికి ఆ చేయి ఎండిన తోలులా బిగుసుకుపోయింది.

అక్కడి నుంచి ఒక ఆటకు దిగితే రెండు ఆటలకు కూర్చోవడమే. భుజం కాస్త వదులైందని దిగాడు, పెనుకొండ టీముతో ఆటలో మళ్లీ పట్టేసింది. ఇంకొక ఆటలో దిగి, ఒకణ్ని ఔట్ చేసి, పళ్లు బిగించి తనే బయటికి వచ్చాడు. అయినా గ్రౌండుకు వచ్చిన ప్రతివాడూ ముందు ఆయన దగ్గరికే పోయేవాడు. "బావా, భుజం ఎట్లుండాది?" ఆయన్ని బావా అని పిలిచే హక్కు నా ఒక్కడిది. నా నోట విని టీమంతా పట్టుకుంది, టీము నుంచి ఊరికి పాకింది. సంతలో గొర్రెల బేరగాళ్లకు కూడా ఆయన బావే. వాళ్ల అక్కల్ని ఆయనేమైనా చేసుకున్నాడా?

పోనీ, ఆయన కూర్చున్న ఆటలు నేను ముగించానా అంటే అదీ లేదు. ఒకటి చీకటిపడి ఆపేశారు. ఇంకొకదాంట్లో నేను బాగానే వేస్తుంటే సారు కంగారుపడి వేరేవాణ్ని దింపాడు. అలా ఈడ్చుకుంటూ ఫైనలుకు చేరాం.

ఫైనలు అనంతపురంలో. బావ భుజానికి తువ్వాలు చుట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు, ఆడడని సారు ముందే చెప్పాడు. ఆ రోజు నా చేయి మహా చురుకుగా ఉంది. చివరి ఇన్నింగ్సులో ఒక్క పరుగు ముందున్నాం. ఇద్దరు ఔట్. ఇంకొక్కడు ఔటైతే కప్పు మాది, ఆట మొత్తం నాది. కాకపోతే పరుగు తీసే దారిలోని మూడు బేసుల్లోనూ వాళ్లవాళ్లు నిలబడి ఉన్నారు, ఒక్క దెబ్బ సరిగ్గా తగిలితే ఆట వాళ్లది. వాళ్లనక్కడ నిలబెట్టినవి నా బంతులే, అదీ చెప్పాలి.

సారు నడిచి వచ్చాడు. "ఇంగ చాలేమోరా?"

"ఒక్కడే కదా సార్. నేనే ముగిస్తా."

సారు నన్ను ఒకసారి, బెంచీని ఒకసారి చూశాడు. అది చాలు, మా ఊరివాళ్లు అందుకున్నారు. "బావా! బావా!" బావ లేచాడు. తువ్వాలు తీసి బెంచీ మీద పెట్టి, కాపరి నడక, ఏ తొందరా లేకుండా వచ్చాడు.

"ఏమప్పా బామ్మర్దీ, చెమటలు కారిపోతాండాయే," అన్నాడు.

ఆ తర్వాత బంతి ఆయన చేతిలో ఉంది. ఎలా పోయిందో నాకు తెలియదు. పోయి బెంచీ మీద కూర్చున్నాను. ఆయన కూర్చున్న చోటు ఇంకా వెచ్చగానే ఉంది.

ఒక్క బంతి వేశాడు. చేయి చెవిదాకా కూడా లేవలేదు. నడుము పక్క నుంచి, గొర్రెకు ముందు రాయి వేసినట్టు, అలా వదిలాడు. అంత నెమ్మది బంతిని మా అమ్మ కూడా కొట్టి ఉండేది. కానీ ఆ బ్యాటువాడు పొద్దుటి నుంచి నా వేగం చూస్తున్నవాడు. బంతి రాకముందే ఊపాడు. అంచుకు తగిలి నిట్టనిలువునా లేచింది. క్యాచరు ముసుగు పీకి పారేసి పట్టుకున్నాడు.

నా వేగం లేకపోతే ఆ నెమ్మది పనిచేసేదా? ఈ మాట అక్కడ అందరికీ చెప్పాను. ఎవరు వింటారు, ఆయన్ని ఎత్తుకునే పనిలో ఉన్నారు. "రేయ్, కుడి భుజంరా, మెల్లిగ!" అని అరిచింది మాత్రం నేనే.

ఆయన ఆట అంతటితో సరి. ఆ చేయి మళ్లీ భుజం దాటి లేవలేదు. అన్నం ఎడమచేత్తో కలుపుకోలేక, కుడిచేతి దగ్గరికే మూతి వంచి తినేవాడు. రాళ్లు ఎడమచేత్తో వేయడం నేర్చుకున్నాడు. కొన్నాళ్లకు అవీ దారి మీదే పడసాగాయి. దానికీ నాకు కుళ్లే.

నేను సొంతంగా షెడ్డు పెట్టిన కొత్తలో ఒక్క ట్రాక్టరూ రాలేదు. బావ రోజూ మందను దగ్గరి దారిన కాకుండా నా షెడ్డు ముందుగా తోలుకుపోయేవాడు. ఎదురైన రైతునల్లా ఆపి, "మా బామ్మర్ది ఇప్పిన ఇంజను మళ్ల బిగిస్తాడప్పా, అందరి మాదిరి గాదు," అనేవాడు. అలా వచ్చిన బండ్లే ఈ రోజుకీ నాకు కూడు పెడుతున్నాయి. వచ్చినవాళ్లు కూడా "బావ పంపినాడు" అనేవాళ్లు తప్ప, నా పనితనం విని వచ్చామని ఒక్కడూ అనలేదు.

మాకు ఉన్న తగవు ఒక్కటే. గొర్రెలు దొడ్లో చేరాక, అరుగు మీద కూర్చుని ఎప్పుడూ నేనే ఎత్తేవాణ్ని.

"ఆ పొద్దు నా బంతి గుంజుకొంటివి బావా."

"నేను గుంజుకొంటినా? నువ్వే చాపితివి కదప్పా. సారు వచ్చేతలికే నీ చేయి ముందుకొచ్చుండె. అది చూసే కదా నేను లేసింది."

"అబద్ధం."

"అబద్ధమో నిజమో చేయెత్తి ఒట్టేద్దును. అది లేయదు కదా!" అని ఆయనే నవ్వేవాడు.

ఇన్నేళ్లూ అది అబద్ధమనే పట్టుబట్టాను. పట్టుబట్టకపోతే నాకు మిగిలేదేముంది?

దినాలు అయ్యాక మంద మాట వచ్చింది. అమ్మేయమని చుట్టాలు అన్నారు. అక్క లోపలికి పోయి, వచ్చి నా ముందు నిలబడింది. చేతిలో మంద తోలే ఆయన కట్టె. చేయి ముందుకు చాచి ఉంది. చాచినట్టు ఆమెకు తెలుసో లేదో, చూపు మాత్రం ఎక్కడో ఉంది. ఆ చేతిని చాలాసేపు చూశాను. బావతో తగవులో ఓడిపోయానని నాకు అప్పుడు అనిపించింది. కట్టె తీసుకున్నాను.

మరుసటి రోజు షెడ్డు మూసి, మందను మిట్టకు తోలుకుపోయాను. ఎండ తిరిగిన వేళ, ముందు నడిచే మొండిచెవి గొర్రె పక్కవాడి కందిచేను వైపు దారి తీసింది. రాయి ఏరుకుని వేశాను. సరిగ్గా మూతి ముందు పడింది, దుమ్ము లేచింది. నా జన్మలో అంత చక్కగా ఏదీ వేయలేదు. గొర్రె ఆగింది. కానీ తిరగలేదు. తలెత్తి, నన్ను దాటి, నా వెనక్కి చూసింది. ముగించేవాడి కోసం మందంతా అటే చూసింది.

నేనూ తిరిగి చూశాను.