పాస్‌వర్డ్ చూడని టీచర్ గారు

మా ఎదురింటి టీచర్ గారు పోయారని మంగళవారం పొద్దున్న పాలు పోయించుకుంటుంటే తెలిసింది. ఆవిడ ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారని రాజమండ్రిలో మా వీధంతటికీ తెలుసు. ఆవిడని నేనొకసారి దొంగ అనుకున్నానని మాత్రం మా ఇద్దరికే తెలుసు.

నిరుడు నా పాత లాప్‌టాప్ మొరాయించింది. దాని మీదే నేను ఆన్‌లైన్ ట్యూషన్లు చెబుతాను. టీచర్ గారు అందులో విండోస్ తీసేసి లినక్స్ వేస్తానన్నారు.

"ఉచితమేనమ్మా. లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. చూడనివ్వని దాన్ని నేను నమ్మను."

ఊరికే ఇంత పని ఎవరు చేస్తారని నాకప్పుడే అనుమానం మొదలైంది.

లినక్స్ ఎక్కింది గానీ వైఫై రాలేదు. వైఫై చిప్‌కి కావాల్సిన డ్రైవర్ ప్రోగ్రాం లేదట. దింపుకోవాలంటే నెట్ కావాలి. ఆవిడ తన ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి, ఆ నెట్‌తోనే డ్రైవర్ దింపారు. నల్లటి తెర మీద టకటకా ఏదో కొడుతుంటే నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కాపలా కాశాను. చివరికి చుట్టుపక్కల నెట్‌వర్కుల పేర్లన్నీ వచ్చాయి. మా పాస్‌వర్డ్ అడిగేసరికి ఆవిడ లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

"నువ్వే కొట్టు. నాకు తెలియకూడదు."

అదీ నటనే అనుకున్నాను.

వారం తర్వాత మా రౌటర్‌కి ఏమేం తగిలి ఉన్నాయో చూపించే లిస్టులో తెలియని పేరొకటి కనిపించింది. వెళ్లి గుమ్మంలోనే అడిగేశాను.

"టీచర్ గారూ, మా వైఫై మీరు వాడుకుంటున్నారాండి?"

ఆవిడ మొహం వాడిపోయింది. చెప్పులేసుకుని మా ఇంటికొచ్చారు. నా ఫోన్, మా ఆయన ఫోన్, టీవీ, ఒక్కొక్కదానికీ వైఫై ఆపించారు. ఆ పేరు అలాగే ఉంది. లాప్‌టాప్‌లో ఆపగానే మాయమైంది. లినక్స్ వేసినప్పుడు దానికి పెట్టిన కొత్త పేరట అది.

"తప్పయిపోయిందండి," అన్నాను తలెత్తకుండా.

"అడిగావుగా, అదే నయం. మనసులో పెట్టుకుని నవ్వుతూ పలకరిస్తే నాకెప్పటికీ తెలిసేది కాదు."

కాఫీ తాగి, పాస్‌వర్డ్ మార్చడం నేర్పించి మరీ వెళ్లారు. మార్చేటప్పుడు మళ్లీ కిటికీ వైపే తిరిగారు. "ఇటు తిరగండి టీచర్ గారూ," అన్నాను. తిరగలేదు. ఇప్పుడు ఎవరి మీద అనుమానం వచ్చినా ముందు నా వస్తువే ఆపి చూసుకుంటున్నాను.

సమాధి దగ్గర ప్రార్థన అయి తిరిగొచ్చాక టీచర్ గారి చెల్లెలు నన్ను ఇంట్లోకి పిలిచారు. బల్ల మీద ఒక లాప్‌టాప్ వెనక మూత విప్పి ఉంది. పక్కనే కాగితం మీద టీచర్ గారు గీసిన బొమ్మ. విప్పిన ఏ మర ఎక్కడిదో తెలిసేలా, మరలన్నీ ఆ బొమ్మ మీదే వాటి వాటి చోట్ల నిలబెట్టి ఉన్నాయి.

"ఇది ఎవరిదో తెలుసామ్మా?" అన్నారావిడ.

తెలియదన్నాను. ఫ్యాన్ గాలికి కాగితం అంచు లేచింది. మరలు చెదరకుండా చెల్లెలు గబుక్కున దాని మీద అరచెయ్యి ఆనించి, అలాగే నిలబడిపోయారు.