సబ్‌జైలులో దగ్గు పాఠం

ఎనభైల మొదట్లో నేను తమిళనాడులోని హోసూరులో నర్సుగా పనిచేసేదాన్ని. సబ్‌జైలులో గజ్జి పాకిందని, ఖైదీలకు శుభ్రత గురించి నాలుగు మాటలు చెప్పి రమ్మని డాక్టరు పంపారు. లోపలున్నవాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళు. నాదీ ఆ పక్కనున్న ఉద్దనపల్లే కాబట్టి వాళ్ళ మాటే నా మాట.

మొదటి రోజు భయంగానే వెళ్ళాను. వరండాలో గొంతుక్కూర్చుని, తలలు వంచుకుని విన్నారు. బట్టలు వేడినీళ్ళలో ఉడకబెట్టాలని చెప్పగానే ఒక పెద్దాయన తలెత్తాడు.

"వేడినీళ్ళు యాడుండాయమ్మా ఈడ?"

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. వార్డరును బతిమాలితే, ఆదివారాలు వంటయ్యాక పొయ్యి మీద ఒక డ్రమ్ము నీళ్ళు పెట్టనిచ్చాడు. ఆ తరువాత వారం వారం వెళ్ళేదాన్ని. గజ్జి తగ్గుముఖం పట్టింది.

ఒకతను మాత్రం ఎప్పుడూ గోడ దగ్గర విడిగా కూర్చునేవాడు. డెంకణికోట వైపు మేకలు మేపుకునే మనిషి. అడవిలో చెట్లు కొట్టాడని కేసు. నోరు తెరిస్తే దగ్గు తెర వచ్చేది. అతని పక్కన ఎవరూ తినేవాళ్ళు కాదు, అతని చెంబు ముట్టుకునేవాళ్ళు కాదు.

ఒకసారి నేను ఉండగానే అతని భార్య వచ్చింది. చంకలో ఆడబిడ్డ. అతను లోపలికి వచ్చాక పుట్టిందట. వార్డరు ఎంత పిలిచినా అతను కటకటాల దగ్గరికి రాలేదు, గోడవైపు తిరిగిపోయాడు. ఆమె కాసేపు నిలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నాకు ప్రాణం ఉసూరుమంది. "ఏమప్పా, అంత దూరం నించి వస్తే మొగం కూడా చూపీవా?" అన్నాను.

"మా నాయన ఇట్లే దగ్గి దగ్గి పోయినాడమ్మా. నా రొమ్ములోనూ అదే ఉండాది. బిడ్డకు తగిలించేదా?"

కఫం పరీక్ష చేయిస్తే క్షయే అని తేలింది. దాచకుండా చెప్పాను.

"ఇది మీ నాయన కాలం కాదప్పా. సూదులుండాయి, మాత్రలుండాయి. నడమ నిలపకుండా తీసుకుంటే పోతాది."

"నిజంగా పోతాదా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు.

డాక్టరు అతని పడకను గాలి తగిలే చివరి గదికి మార్పించారు. ఆ వారం అందరికీ దగ్గు గురించే చెప్పాను. దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, మూత డబ్బాలోనే ఉమ్మాలి. చెంబు ముట్టుకుంటే రాదని చెప్పి, అతని చెంబుతోనే నీళ్ళు తాగాను. అప్పుడు వేడినీళ్ళ సంగతి అడిగిన పెద్దాయన తన అన్నం తట్ట తీసుకుపోయి వరండాలో అతని పక్కన పెట్టుకున్నాడు. "జరుగప్పా" అన్నాడు, అంతే.

భార్య మళ్ళీ వచ్చినప్పుడు గేటు దగ్గరే ఆపి సంగతంతా చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది: "అయితే నామీద కోపం కాదా?"

"కోపం కాదమ్మా. బిడ్డకు తగుల్తాదని భయం."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. తల్లికి పరీక్ష చేయించి, బిడ్డకు బీసీజీ సూది వేశాం.

కొన్ని నెలల మందు తరువాత, జబ్బు ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరు చెప్పారు. ఆ రోజు వార్డరు తల్లీబిడ్డలను ముంగిట్లోకి రానిచ్చాడు. అతను బిడ్డను చేతుల్లోకి తీసుకుని, మొహం పక్కకు తిప్పి ఊపిరి బిగబట్టాడు. మెడ నరాలు ఉబ్బిపోయాయి.

"ఊపిరి ఇడువప్పా. ఏం కాదు," అన్నాను.

మెల్లగా వదిలాడు. బిడ్డ అతని మీసం పట్టుకుని లాగింది. అచ్చం తండ్రి మొహమేనని వార్డరు తమిళంలో అన్నాడు.

కేసు ముగిసి అతను ఊరికి వెళ్ళిపోయాడు. ఒంట్లో బలం రాగానే చాలామంది మందు మానేస్తారు. ఇతనూ అంతేనేమోనని నాకు దిగులుగా ఉండేది. రెండు మూడేళ్ళకు డెంకణికోట బస్సులో ఆమె కనిపించి, జరిగి చోటిచ్చింది. ఒళ్ళో పాప.

"మీ ఆయన యాడమ్మా?"

"మేకల్ని ఇడిసి యాడికొస్తాడు? మాత్రలన్నీ మింగినాడు. ఇప్పుడు ఊర్లో ఎవురు దగ్గినా ఇడిసేది లేదు, ఆస్పత్రికి పో పో అని ఎంటబడతాడు. జనం తిడతారు," అని నవ్వింది.

కొంగు ముడి విప్పి గుప్పెడు వేయించిన చెనక్కాయలు నా చేతిలో పోసింది. తనవి నాకిచ్చేసిందని పాప మూతి ముడిచింది. ఒలిచి ఒక్కొక్క గింజే దాని నోట్లో పెడుతూ కూర్చున్నాను.