పట్టు మీద పండిన శెనక్కాయ

హిందూపురంలో బొమ్మలు గీయడం నేర్చుకుంటున్న మా మనవరాలు మొన్న ఆదివారం కాగితాలు పక్కకు నెట్టేసి, అన్నీ ఎవరో ఒకరు గీసేశారవ్వా, ఇంక కొత్తగా గీయడానికి ఏం మిగిలిందని మూతి ముడుచుకుని కూర్చుంది. ఓదార్చాల్సింది పోయి పకపకా నవ్వాను, ఎందుకంటే పద్దెనిమిదేళ్ళ వయసులో ధర్మవరంలో సరిగ్గా ఈ మాట దగ్గరే నా కొంప మునగబోయింది.

మా మేనమామ పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడీ ఒక్కో పోగు కింద లెక్క. దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గానికి ఎక్కించేవారు. పది పాసై ముదిగుబ్బ నుంచి వచ్చిన నన్ను రెండేళ్ళు ఆయన డిజైన్లకు రంగు నింపడానికే కూర్చోబెట్టి, చివరికి ఒకనాడు, శుక్రవారంలోగా ఎవరూ గీయని బుటా ఒకటి గీసి చూపించు, లేకుంటే మీ నాయన దగ్గరికి పోయి చేనులో కలుపు తీసుకో అని తేల్చేశాడు. నెమలి అప్పటికే ఉంది, హంస ఉంది, తామర ఉంది, మామిడిపిందె సంగతి చెప్పనే అక్కర్లేదు. చించిన కాగితాల మధ్య మూడు రోజులు ఏడ్చాను. గురువారం నన్ను చూడ్డానికి వచ్చిన నాయన సంచీనిండా పచ్చి వేరుశెనక్కాయలు తెస్తే, ఒలుచుకుంటూ ఒలుచుకుంటూ ఒక కాయను గళ్ళ మీద పెట్టి చూశాను. ఆ రోజు అన్నం కూడా తినకుండా గీశాను.

మరునాడు మామ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి పెదవి విరిచాడు.

"ఇది మామిడిపిందే గదా పాపా, నడుము నొక్కినావు, అంతే."

రెండేళ్ళ మంటంతా నా నోట్లోకి వచ్చేసింది.

"ఆ పిందెను నువ్వు పుట్టించినావా మామా? నువ్వూ యాడో చూసి గీసినోడివే గదా! శెనక్కాయను పట్టు మీదికి తెచ్చినోళ్ళు ఎవురన్నా ఉంటే చూపించు, ఇప్పుడే బస్సెక్కి పోతా."

నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన మాత్రం కళ్ళజోడు తగిలించుకుని, నా గడులన్నీ తానే సరిచూసి, కాగితాన్ని అట్టలు కొట్టేవాడికి పంపాడు.

మొదటి చీర పెనుకొండలో ఒక పెళ్ళికూతురు కట్టుకుంది; అక్షింతలు వేయడానికి వెళ్ళిన నేను ఆ పిల్ల మొహమే చూడలేదు, చీరనే చూశాను. ఏడాది తిరక్కుండా ధర్మవరంలో ఏ వీధికి పోయినా మగ్గాల మీద నా కాయే. నీ సొత్తు దోచుకుంటున్నారే అని అందరూ జాలిపడుతుంటే, నేను ఆ వీధుల్లో మహారాణిలా నడిచాను.

ఇప్పుడు గడులు నింపడానికి కంప్యూటర్లు వచ్చాయి. మామ లేడు, నాయన లేడు, మా చేనులో వేరుశెనగ వేయడమూ మానేశారు. ఆ బుటా మాత్రం ఇంకా చీరల మీద కనిపిస్తూనే ఉంది, షాపుల్లో కుర్రవాళ్ళు దాన్ని జంట మామిడి అంటారు. అది మామిడి కాదప్పా, ముదిగుబ్బ శెనక్కాయ, గీసింది నేనే అని చెప్పకుండా నేను ఏ షాపు మెట్లూ దిగను, ముసలామెకు చాదస్తమని వాళ్ళు నవ్వుకుంటారు. నవ్వితే నవ్వనీ, వాళ్ళు రోజూ మడతలు విప్పి అమ్ముతున్నది మా నాయన పంటే.