కడిగి పెట్టమన్న మాట

2023 ఎండాకాలంలో గద్వాలలో ఒక బడి పంతులు ఇంట్లో డిష్‌వాషర్ బిగించాను. మా దిక్కు దాన్ని బోళ్లు తోమే మిషన్ అంటారు. అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏండ్లయింది. మొదట గ్యాస్ పొయ్యిలు, తర్వాత చిమ్నీలు, నీళ్ల ఫిల్టర్లు చూశాను. డిష్‌వాషర్లు మాత్రం కరోనా తర్వాతనే మా ఊళ్లకు వచ్చాయి. నేనుండేది వనపర్తి. అక్కడినుంచి గద్వాల, నాగర్‌కర్నూల్ దాకా ఈ మిషన్లు బిగించినా, రిపేరు చేసినా అప్పట్లో దాదాపు నేనొక్కడినే. గొప్పకు చెప్పడం లేదు. ఒక్కడినే కావడం వల్ల నాకొక చెడ్డ అలవాటు పట్టుకుంది, అది చెప్పడానికే ఇదంతా.

ఇంటాయన పేరు రాఘవేందర్ సార్. ఆయన భార్య మంజుల సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సు. పన్నెండేండ్లుగా లేబర్ రూంలో, అంటే కాన్పులు చేసే గదిలో, పనిచేస్తున్నది. ఇంట్లో సార్ తల్లి అనసూయమ్మ కూడా ఉంటుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, పది నిమిషాలు నిలబడలేదు. పనిమనిషి మానేసి ఏడాదైంది. బోళ్లన్నీ మంజులే తోమేది. సార్ తోమొచ్చు కదా అని నా మనసులో అనుకున్నాను గానీ నోటితో అనలేదు. మా ఇంట్లో నేనూ తోమను.

కొలతలు తీసుకోవడానికి పోయిన రోజు మంజుల తన చేతులు చూపించింది. వేళ్ల సందుల్లో తోలు పగిలి ఎర్రగా ఉంది. కణుపుల మీద గీతలు గీతలుగా నెత్తురు కనబడుతున్నది. మహబూబ్‌నగర్‌లో చర్మం డాక్టరు చూసి, దవాఖానలో చేతులు కడగక తప్పదు కాబట్టి ఇంట్లోనైనా సబ్బునీళ్లు ముట్టొద్దన్నాడట. పగిలిన చేతులతో కాన్పు చేస్తే అటు బాలింతకూ ఇటు నర్సుకూ ప్రమాదం. హెడ్ సిస్టర్ రెండు నెలలు చూస్తానన్నదట. అప్పటికీ మానకపోతే లేబర్ రూం నుంచి తీసి ఓపీలో చీటీలు రాసేకాడ కూర్చోబెడతారు.

“జీతం గదే ఉంటది, కూసొని చేసే పనే గద అంటున్నరు అందరు” అన్నది మంజుల. “కానీ నాకొచ్చిన పని గది కాదు భాయ్. పిల్లను పట్టుకునుడు నాకొచ్చిన పని.”

నేను విన్నాను. చేతిలో టేపు పట్టుకుని ప్లాట్‌ఫారం ఎత్తు కొలుస్తూ ఎంత వినొచ్చో అంత విన్నాను.

మిషన్ ఎంచుకునేటప్పుడు ముగ్గురిదీ తలో మాట అయింది. సార్ ఫోన్‌లో వీడియోలు చూసి చూసి ఉన్నాడు, మూడు అరలది కావాలన్నాడు. చెంచాలకు ఒక అర మనకెందుకు సార్, మనకు కుక్కరు పట్టాలె, పప్పుగిన్నె పట్టాలె అని చెప్పి కింది అర ఎత్తుగా ఉన్నది ఒప్పించాను. గద్వాల బోరు నీళ్లు బకెట్లకు తెల్లచారలు పట్టించే నీళ్లు కాబట్టి, లోపల ఉప్పు పోసే డబ్బా ఉన్న మిషనే తీసుకోవాలన్నాను. ఆ ఉప్పు వంట ఉప్పు కాదు, నీళ్లలోని సున్నాన్ని తీసేందుకు విడిగా అమ్మేది. అనసూయమ్మ పెట్టిన షరతు ఒక్కటే. మిషన్ బయటికి కనబడొద్దు. ఇంటికొచ్చినవాళ్లు చూస్తే, కోడలు బోళ్లు కూడా తోముకోదా అని ఊరంతా చెప్పుకుంటారని ఆమె భయం. అందుకే బిల్ట్-ఇన్ అయింది. అంటే ప్లాట్‌ఫారం కింద గూడులో ఇరికించి, ముందర మిగతా అల్మారాలకున్న తలుపులాంటిదే బిగించేస్తారు. మూసి ఉంటే లోపల మిషనుందని ఎవరూ అనుకోరు.

బిగించడానికి రెండు రోజులు పట్టింది. ఆ ఇంట్లో ప్లాట్‌ఫారం కింద షాబాద్ బండలు నిలబెట్టి గ్రానైటు పరిచారు. ఒక బండ తీస్తేగానీ మిషన్ పట్టదు, తీస్తే పైన గ్రానైటు పగులుతుంది. ముందు ఇనుప యాంగిలర్ ఫ్రేము నిలబెట్టి, బరువంతా దాని మీదికి తెచ్చి, అప్పుడు బండ కోయించాను. మురికి నీళ్లు పోయే పైపును ఒకసారి ప్లాట్‌ఫారం దాకా ఎత్తి మళ్లీ కిందికి దించాలి, లేకుంటే సింకు నీళ్లు వెనక్కి మిషన్లోకే వస్తాయి. ప్లగ్గు మిషన్ వెనక కాకుండా పక్క అల్మారాలో పెట్టాను. ఇప్పటికీ ఆ పనిలో వంక పెట్టడానికేమీ లేదు.

చెడింది పనిలో కాదు, డెమోలో. మిషన్ ఎట్లా వాడాలో ఇంటివాళ్లకు చూపించేదాన్ని డెమో అంటారు. ఆ పొద్దు మంజుల డ్యూటీలో ఉన్నది. సార్‌కూ అనసూయమ్మకూ చూపించాను. బటన్లు, ఉప్పు, పౌడరు అన్నీ చెప్పి, చివరికి అందరికీ చెప్పే మాటే వాళ్లకూ చెప్పాను. పళ్లాలు, గిన్నెలు మంచిగ కడిగి లోపల పెట్టండి అన్నాను.

మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఆ మాట లేదు. మెతుకులు, ముక్కలు దులిపి పెట్టండి, కడగొద్దు అని ఉంటుంది. నాకది తెలుసు. కానీ మన పళ్లాలలో జొన్నరొట్టె తునకలు, కరివేపాకు, చింతపండు పీచు ఉంటాయి. దులపకుండా పెడితే అవి అడుగున ఫిల్టర్లో ఇరుక్కుంటాయి. అప్పుడు నాకు ఫోనొస్తుంది. వనపర్తి నుంచి బండి మీద పోయి, ఫిల్టర్ దులిపి, తిరిగి వచ్చేసరికి ఒక పూట పోతుంది. కడిగి పెట్టమంటే ఆ ఫోన్లే రావు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు, అట్లా ఎన్ని ఇండ్లలో చెప్పానో నాకే లెక్క లేదు.

అనసూయమ్మకు ఆ మాట ఎంతో నచ్చింది. ఎంగిలి పళ్లాలూ వండిన గిన్నెలూ ఒకే పెట్టెలో పడి ఉండడం ఆమెకు మొదటినుంచీ ఇష్టం లేదు. కడిగి పెట్టాలంటే ఇక ఎంగిలి అన్న మాటే లేదు గదా అని ముఖం విప్పారింది. నాకు చాయ కూడా ఇచ్చింది. తాగి వచ్చేశాను.

ఐదు వారాలకు సార్ ఫోన్ చేశాడు. కూరగిన్నె అడుగున మాడు పోవడం లేదు, గాజు గ్లాసులు మసకబారుతున్నాయి అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం పోయి ముందు ఫిల్టర్ తీసి చూశాను. కొత్తదానిలాగే ఉంది. ఒక మెతుకు లేదు, ఒక ఆకు లేదు. మూడు జిల్లాల్లో అంత శుభ్రమైన ఫిల్టర్ నేను చూడలేదు. ఈ మిషన్లలో సెన్సర్ ఉంటుంది. నీళ్లు ఎంత మురికిగా ఉన్నాయో చూసి ఎంత గట్టిగా కడగాలో అదే తేల్చుకుంటుంది. కడిగిన పళ్లాలు పెడితే, మురికే లేదనుకుని పైపైన కడిగి వదిలేస్తుంది. అందుకే మాడు పోవడం లేదు. మురికి దొరకని పౌడరు గ్లాసుల మీద పడి వాటిని మసక చేస్తుంది.

మీరు రోజూ ఎట్లా పెడతారో చూపించండి అని అడిగాను. మంజుల అప్పుడే పొద్దటి డ్యూటీ నుంచి వచ్చింది. బ్యాగు పక్కన పెట్టి, నల్లా విప్పి, ఒక్కొక్క పళ్లాన్ని సబ్బు పెట్టి తోమి, నీళ్లతో కడిగి మిషన్లో నిలబెట్టసాగింది. ఆమె చేతులు చూశాను. కొలతల రోజు చూసినదానికంటే అన్యాయంగా ఉన్నాయి. సబ్బు తగిలినప్పుడల్లా పండ్లు బిగబట్టుకుంటున్నది.

“మీరెందుకు తోముతున్నరు సిస్టర్?” అన్నాను.

“మీరే చెప్పిన్రంట గద భాయ్, కడిగి పెట్టాలెనని” అన్నది, నల్లా కట్టకుండానే.

నాకు సిగ్గేసింది. ఇరవై ఏండ్లలో పని చెడగొట్టిన రోజులున్నాయి, తిట్లు తిన్న రోజులున్నాయి, కానీ అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఆ చేతుల కోసమే ఆ మిషన్ వచ్చింది. అవే చేతులతో బోళ్లు తోమించి పెట్టిస్తున్నది నేను.

ఇక కడగొద్దని, మెతుకులు దులిపి పెడితే చాలని చెప్పాను. అనసూయమ్మ ఒప్పుకోలేదు. కుర్చీలోంచే నిలదీసింది.

“అప్పుడు కడుగుమంటివి, ఇప్పుడు వద్దంటున్నవు. రెంట్ల ఏది నిజం నాయనా?”

కొత్త మిషన్లకు రూలు మారింది పెద్దమ్మా అని తప్పించుకోవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. మంజుల నల్లా కట్టి, చేతులు తుడుచుకోకుండా అట్లాగే నిలబడి నా దిక్కే చూస్తున్నది.

“ఇప్పుడు చెప్పేదే నిజం పెద్దమ్మా” అన్నాను. “అప్పుడు చెప్పింది నా కోసం. ఫిల్టర్ల చెత్త ఇరికితే నేను ఇంత దూరం రావాలె గద, గందుకని చెప్పిన.”

మంజుల చేతులు తుడుచుకుని, మిగిలిన పళ్లాలు పక్కకు జరిపింది. తిట్టినా నాకు తేలికయ్యేది. సార్ మెల్లగా గోడ మీది క్యాలెండర్ దిక్కు చూశాడు. హెడ్ సిస్టర్ ఇచ్చిన గడువుకు ఇంకా మూడు వారాలే ఉన్నాయని అందరికీ తెలుసు.

ఎంగిలి సంగతి మాత్రం అనసూయమ్మ వదల్లేదు. ఎంగిలి పళ్లాలు ఒకసారి, వండిన గిన్నెలు ఒకసారి వేయమన్నది, నడుమ ఉత్త నీళ్లతో ఒకసారి తిప్పాలన్నది. నీళ్లూ కరెంటూ దండుగని నాకు తెలుసు. సరేనన్నాను. మెతుకులు దులిపే పని సార్‌కు అప్పజెప్పాను. ఆయన ఆ రోజే మొదలుపెట్టాడు.

చలికాలంలో సర్వీసింగ్‌కు పోయాను. ఫిల్టర్లో కరివేపాకు, రొట్టె తునకలు కనబడితే ప్రాణం లేచొచ్చింది. అనసూయమ్మ మంచి సంతోషం మీదున్నది. కోడలికి ఇప్పుడు రాత్రి డ్యూటీలు లేవు, పొద్దున పోయి నాలుగింటికల్లా వచ్చేస్తున్నది అని చెప్పింది. లేబర్ రూం నుంచి తీసేశారని నాకు అర్థమైంది.

మంజుల వచ్చాక నేను అడగకముందే చేతులు ముందుకు చాపింది. కొత్త తోలు వచ్చింది. పగుళ్లు ఒక్కటీ లేవు.

“నాలుగు నెలలు పట్టింది భాయ్” అన్నది. “గప్పటికే ఆడ వేరే సిస్టర్ను ఏసిన్రు.”

మళ్లీ అడగకపోయారా అన్నాను.

“అడిగిన. ఖాళీ లేదన్నరు. ఇప్పుడు కాన్పుకొచ్చినోళ్ల పేర్లు నేనే రాస్త. రాసి లోపలికి పంపుత.”

ఆమె గొంతులో కోపం లేదు. చాయ పెట్టనా అని కూడా అడిగింది. వద్దని వచ్చేశాను.

ఇప్పుడు ఏ ఇంటికి పోయినా టేపు తీయకముందే ఇంట్లో బోళ్లు తోమేదెవరని అడుగుతాను. డెమో ఆ మనిషికే చేస్తాను. ఆమె ఇంట్లో లేకపోతే ఇంకో రోజు వస్తానని మిషన్ ఆన్ చేయకుండానే వెళ్లిపోతాను. ఫిల్టర్ ఫోన్లు పెరిగాయి, పోతున్నాను. మంజులకు దొరికిన గడువు రెండు నెలలు. అందులో ఐదు వారాలు నేను నా పూట మిగుల్చుకోవడానికి వాడుకున్నాను.