భారతక్క క్యాసెట్‌లో నా డోలక్

మొన్న పొద్దున భారతక్క చెల్లెలు లక్ష్మి తన ఫోన్‌లోకి ఎక్కించుకున్న ఒక పాత క్యాసెట్ వినిపించింది. ముందు బుసబుసమనే టేపు శబ్దం, తర్వాత పెళ్లి వంటల గిన్నెల చప్పుడు, ఆపైన భారతక్క గొంతు. ఆ క్యాసెట్‌ను కాపాడింది నేనే. కరెంటు పోయి మైకు, ఆర్గన్ మూగబోతే, పందిరి మొత్తాన్ని నా ఒక్క డోలక్ మీద నడిపించాను. ఆ దెబ్బ ఎంతో దూరాన ఉన్న పురానాపూల్ దాకా వినిపించిందన్నవాళ్లున్నారు.

భారతక్క వాళ్లది దబీర్‌పురాలో మా గోడకు ఆవలి ఇల్లు. పాల వ్యాపారం. పెళ్లికి పాలు వాళ్ల దగ్గర తీసుకుంటే సినిమా పాటలు కూడా వాళ్లే పాడేవారు. అక్క పాట, తమ్ముడు ఆర్గన్, చిన్నది లక్ష్మి వంత. డోలక్ వాయించే బంధువు ఊరు మారడంతో ఆ చోటు ఖాళీ అయింది. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన నేను అప్పట్లో నలుగురిలో నోరు విప్పేవాణ్ని కాదు. అరుగు మీద కూర్చుని రేకు డబ్బా వాయించుకుంటుంటే అక్క గోడ మీదుగా చూసి పిలిచింది.

"నాకు డోలక్ రాదక్కా."

"నాకు పాలు పిండుడు గూడ పుట్టంగనే వచ్చిందా? కూసో."

ప్రతి పాటకు ముందు అక్క మైకులో ఒక మాట చెప్పేది: "ఈ పాట మాది గాదు. కట్టినోళ్లకు, పాడినోళ్లకు దండం." విని విని విసుగొచ్చి ఒకసారి అడిగాను.

"అందరికీ తెలిసిందే గదక్కా, ఊకె చెప్పుడేంది?"

"పక్కింటి పోరిని ఎత్తుకుంటే మన బిడ్డయితదారా? జెర సేపు ఆడిచ్చి ఇచ్చెయ్యాలె. కింద పడెయ్యొద్దు."

ఫ్యాక్టరీలో ఒకరి పనిముట్టు వాడుకుంటే తుడిచి మరీ తిరిగి ఇచ్చే అలవాటు నాకు ఆ మాటతోనే వచ్చింది.

క్యాసెట్‌లోని ఆ పెళ్లి మా గల్లీలోనే, పట్టపగలు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన భారతక్క వాళ్ల మేనబావ దగ్గర బ్యాటరీలతో నడిచే టేప్ రికార్డర్ ఉంది. మర్నాడే అతని ప్రయాణం. క్యాసెట్ బాగా కుదిరితే ఫంక్షన్ హాళ్లవాళ్లకు వినిపించి పెద్ద పెళ్లిళ్లు అడగొచ్చు. కుదరకపోతే పాటలు బంద్, బర్రెలే గతి అని వాళ్ల బాపు తేల్చేశాడు. అన్నీ బాగానే సాగాయి. చివరి పాట సగంలో కరెంటు పోయింది.

పురానాపూల్ మాట నా కల్పనే. పక్క గల్లీ దాకా వినిపించినా గొప్పే. కరెంటుతో పాటు నా చేతులూ ఆగిపోయాయి. అక్క మాత్రం ఆగలేదు. పాడుతూనే నా వైపు ఒక్క చూపు చూసింది. అప్పుడు అందుకున్నాను. టేపులో వినిపించే దెబ్బ అదే. ఆ క్యాసెట్ విని పెద్ద పెళ్లిళ్లవాళ్లు పిలిచారు. ఏళ్ల తరబడి పాడాము.

అక్క పోయి చాలా కాలమైంది. మా ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు, డాక్టరు చెప్పేది చెవికెక్కక నిలబడిపోయినప్పుడు, ఆ చూపే గుర్తొచ్చింది. ఆగిపోయిన చోటే మళ్లీ అందుకోవాలని నాకు నేర్పింది అక్క. ఈ మాత్రం మనిషినయ్యానంటే అది ఆమె పెట్టిన భిక్ష.

ఇంతవరకు రాసి లక్ష్మికి చదివి వినిపించాను. ఆమె చాయ్ కప్పు కింద పెట్టింది.

"చూపు లేదు, గీపు లేదన్నా. కరెంటు పోంగనే నువ్వు లేసి పోదామని చెప్పులు దేవులాడుకుంటున్నవ్. అక్కనే ఖాళీ పాల క్యాన్ ముందలేసుకొని వాయించుకుంట పాడింది."

ఫోన్ నా చెవికి ఆనించింది. చాలాసేపు విన్నాను. తోలు చప్పుడు కాదది, రేకు మోత.

"అక్క ప్రతి పాటకు ముందు 'ఇది మాది గాదు' అనేది," అంది లక్ష్మి. "గా ఒక్క ముక్క నువ్వు నేర్వనే లేదు."