మా అమ్మ తోమేసిన నల్ల గీత

నా చిన్నప్పుడు మేము సౌదీలో, అభా అనే ఊరికి కాస్త ఎడంగా కొండ అంచున ఒక రాతి ఇంట్లో ఉండేవాళ్ళం. సౌదీ అనగానే అందరూ ఇసుక, ఎండ అనుకుంటారు. మాకు మాత్రం పొద్దున్నే మంచు, మధ్యాహ్నం వాన, కిటికీ తెరిచి పెడితే చాలు లోపలికి దూరి రొట్టెలు ఎత్తుకుపోయే కోతులు. కడప ఎండల్లో పుట్టి పెరిగిన మా అమ్మ ఆ చలికి ముక్కు చీదుకుంటూ, ఎడారికి పోతున్నామని నమ్మబలికి స్వెట్టరు కూడా కొననివ్వలేదని మా నాయనను ఏడాది పొడుగునా సాధించేది.

ఆ ఏడు చలికాలమంతా యుద్ధమే. జరిగింది ఎక్కడో ఉత్తరాన కువైట్ వైపే అయినా, మా పక్క ఊరు ఖమీస్ ముషైత్‌లో యుద్ధ విమానాల స్థావరం ఉండటంతో మా ఇంటి మీదుగా రాత్రీ పగలూ విమానాలు పోయేవి. అమ్మ కిటికీ అద్దాలన్నిటికీ టేపు అంటించింది. గాలికి తలుపు కొట్టుకున్నా నేను మంచం కిందికి దూరేదాన్ని. తెలిసిన కుటుంబాలు ఒక్కొక్కటిగా ఊరికి వెళ్ళిపోయాయి. మేం వెళ్ళలేదు. ఉన్నా పోయినా అందరం ఒకచోటే అని అమ్మ మొండికేసింది. ఆఖరికి ఒకరోజు రేడియోలో యుద్ధం అయిపోయిందన్నారు. అమ్మ అప్పటికప్పుడు టేపులన్నీ పీకేసి, అద్దాలకు మిగిలిన జిగురు కిరోసిన్ గుడ్డతో తుడవటం మొదలుపెట్టింది. ఆ ఊపులో ఇల్లంతా తోమింది. భయం వదిలినవాళ్ళు కొందరు నిద్రపోతారు, కొందరు తింటారు, మా అమ్మ తోముతుంది.

ఆ ఇంటి యజమాని ఒక ముసలాయన. మా నాయనకు కఫీలు, అంటే ఆ దేశంలో పూచీ పడి పని ఇచ్చిన మనిషి కూడా ఆయనే. ఆయన తోటల్లో బావుల మీద ఉన్న పంపులు, మోటార్లు నాయన చూసుకునేవాడు. అక్కడ ఉండటానికి కావలసిన ఇఖామా కాగితం రాయించింది ఆయన, నన్నూ అమ్మనూ రప్పించే వీసా ఇప్పించింది ఆయన, నెత్తిన కప్పు ఆయనది. ఆయనకు కోపం వస్తే మూటాముల్లె సర్దుకోవలసిందేనని అమ్మ నాకు రోజూ గుర్తుచేసేది. ఆయన కోపం నేనెప్పుడూ చూడలేదు. నేను ఆయనను జద్దీ అని పిలిచేదాన్ని, తాతా అని దానర్థం. పిలిచినప్పుడల్లా జేబులోంచి ఎండుద్రాక్ష తీసి పెట్టేవాడు.

జద్దీ దగ్గర వాళ్ళ నాన్ననాటి తుపాకీ ఒకటి ఉండేది. మన వైపు వేటగాళ్ళు వాడే నాటు తుపాకీ లాంటిదే, కాకపోతే ఆయన కంటే పొడుగు, ఒళ్ళంతా వెండి కట్లు. ఆ కొండల్లో పండుగ మర్నాడు మగవాళ్ళంతా లోయలో చేరి, అవతలి గట్టున ఒక తెల్లరాయి నిలబెట్టి రెండు జట్లుగా గురి పందెం వేసుకుంటారు. యుద్ధం రోజుల్లో ఎవరూ తుపాకీ పేల్చలేదు, అసలే బెదిరిపోయి ఉన్న పిల్లలను ఇంకా బెదరగొట్టకూడదని. అందుకే యుద్ధం ముగిశాక వచ్చిన ఆ రంజాన్ పండుగకు, పందెం ఎప్పుడెప్పుడా అని అందరూ ఎదురుచూశారు.

పండుగ రోజు సాయంత్రం జద్దీ మా వాకిట్లో దుప్పటి పరిచి మర్నాటికి కావలసిన సామానంతా పేర్చాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే చూపించాడు. మొదట తుపాకీ మందు పోసుకునే కొమ్ము, దాని పక్కన మందు కొలిచే ఇత్తడి గొట్టం, ఆ తర్వాత గుడ్డ పేలికలు, సీసపు గుండ్ల తోలుసంచి, అన్నిటినీ తుపాకీ గొట్టంలోకి దట్టించే పొడుగాటి కర్ర. ఏది ముందు వాడాలో అది ముందు. నిప్పు పుట్టించే చిన్న చిన్న రాగి టోపీల డబ్బాను మాత్రం వాటితో కలపనివ్వలేదు, దూరంగా నా ఒళ్ళో పెట్టాడు. టోపీ పెట్టనంతవరకు అది ఒట్టి ఇనుప గొట్టమేనని, భయపడాల్సిన పనేమీ లేదని మా నాయన చేత చెప్పించాడు. ఆ డబ్బా నా దగ్గర ఉన్నంతసేపూ నాకు నిజంగానే భయం వేయలేదు.

ఆ దట్టించే కర్ర మీద ఒకచోట తారుతో వేసిన నల్ల గీత ఉండేది. అదేమిటో అప్పుడు మాకెవరికీ తెలియదు, కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. మందు, గుండు దట్టించాక కర్రను గొట్టంలోనే ఉంచి చూస్తే, సరిగ్గా ఆ గీత గొట్టం మూతి దగ్గరికి రావాలి. గీత పైకి లేచి కనబడితే లోపల ఒకటికి రెండుసార్లు పడిందని అర్థం. రెండింతల మందుతో పేలిస్తే గొట్టం చీలి, పట్టుకున్నవాడి చేతులో కళ్ళో పోతాయి. ఇంజనులో ఆయిలు ఎంతుందో చూసే కడ్డీ మీద గీత ఉంటుందే, అలాంటిదని తర్వాత మా నాయన చెప్పాడు.

ప్రతి ఏడూ ఈ సామాను తుడిచి పెట్టేది జద్దీ భార్య. ఆ ఏడు ఆవిడ కూతురి కాన్పుకని వేరే ఊరు వెళ్ళింది. పేలికలకు మెత్తటి పాత గుడ్డ కావాలని జద్దీ అడిగితే అమ్మ మా నాయన లుంగీ ఒకటి చింపి ఇచ్చింది. పొద్దున వచ్చి తీసుకుంటానని ఆయన ఇత్తడి సామాను, కర్ర మా ఇంట్లోనే ఉంచి, తుపాకీని, మందునూ, టోపీలనూ మాత్రం తనతో తీసుకుపోయాడు. అడిగింది గుడ్డ మాత్రమే. కానీ మా అమ్మ దూదేకుల ఇంటి ఆడపిల్ల. పీర్ల పండగకు ముందు పీర్లను చింతపండుతో తళతళలాడేట్టు తోమే ఇంట్లో పెరిగింది. పండుగ సామాను మకిలిగా వాకిలి దాటటం ఆమెకు ఒప్పదు. ఇత్తడిని చింతపండుతో తోమింది. కర్ర మీది గీతను కిరోసిన్ గుడ్డతో రుద్ది రుద్ది పోగొట్టింది. పైన కొబ్బరినూనె రాసి, కఫీలు సామాను ఎంత బాగా చేసి ఇస్తున్నామో చూడమని మా నాయనకు చూపించి మురిసిపోయింది. నాయన కూడా బాగుందన్నాడు.

పొద్దున్నే నాయన సామాను మోసే వానెట్ బండిలో జద్దీని, నన్నూ ఎక్కించుకుని లోయలోకి దించాడు. ఆ మెరుపు చూసి జద్దీ మాషా అల్లా అని, టోపీల డబ్బా మళ్ళీ నా చేతికే ఇచ్చాడు. ఆయన చూపు అంతంత మాత్రం, కర్రను పరకాయించి చూడలేదు. లోయ నిండా మనుషులు. గహ్వా కుండల్లో యాలకుల కాఫీ పొంగుతోంది. చలికాలమంతా ఒకరినొకరు చూసుకోనివాళ్ళు ముక్కుకు ముక్కు ఆనించి పలకరించుకుంటున్నారు. మొదటి తుపాకీ పేలినప్పుడు నేను నాయన కాలు చుట్టేసుకున్నాను, రెండోదానికి చెవులు మూసుకున్నాను, ఆ తర్వాత పొగ బాగుందనిపించింది.

జద్దీ వంతు రాబోతూ ఉంది. మందు పోసి, గుండు పెట్టి దట్టించాడు, కర్ర తీసేశాడు. ఇప్పుడే కదా చేతులారా పోశాను అని గీత వైపు చూడనే లేదు. నా దగ్గర టోపీ అడగబోతుండగా మధ్యాహ్నపు నమాజు పిలుపు వినపడింది. అక్కడ పిలుపు వినపడితే ఎక్కడి పని అక్కడే ఆగాలి. తుపాకులన్నీ దుప్పటి మీద పడుకోబెట్టి అందరూ వరసలో నిలబడ్డారు. నమాజు అయ్యాక మళ్ళీ గహ్వా, మళ్ళీ కబుర్లు. యుద్ధంలో పక్క ఊరివాళ్ళు ఎంత భయపడ్డారో చెప్పుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వుల్లోనే జద్దీ వచ్చి తుపాకీ అందుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూ మందు కొలిచి పోశాడు, గుడ్డ పెట్టాడు, గుండు పెట్టాడు, కర్రతో దట్టించాడు.

అక్కడ ఆయన చెయ్యి ఆగింది. కర్ర బయటికి కాస్త ఎక్కువ ఉన్నట్టు తోచిందట. గీత కోసం చూశాడు. కర్రను తిప్పి చూశాడు, బొటనవేలితో తడిమాడు, వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అమ్మ రుద్ది పోగొట్టిన గీత గుర్తొచ్చి మా నాయన నన్ను తన వెనక్కి లాక్కున్నాడు. నాకేమీ అర్థం కాలేదు.

ఎదుటి జట్టువాళ్ళ గుండు అప్పటికే రాయి అంచు ఎగరగొట్టింది. అందరూ జద్దీ కోసమే కాచుకుని ఉన్నారు. ఆ లోయలో ఆయనను మించిన గురి లేదని పేరు. ఒకసారే పోశావు, నేను చూశాను, కాల్చు అని ఆయన తమ్ముడు అన్నాడు. కాదు, నమాజుకు ముందు కూడా పోసినట్టున్నాడని వెనక నుంచి ఇంకెవరో అన్నారు. పెద్దాయనకు చెయ్యి వణుకుతోందని కుర్రాళ్ళు ఎగతాళి మొదలుపెట్టారు. జద్దీ అందరి వైపూ ఒకసారి చూసి, గట్టిగా, అందరికీ వినపడేట్టు చెప్పాడు.

"మా అద్రీ."

తెలియదు అని. అంతే. సాకు చెప్పలేదు, ఎవరి మీదా విసుక్కోలేదు. టోపీ డబ్బా నా దగ్గరే ఉండనివ్వమని నాకు సైగ చేసి, అందరినీ వెనక్కి జరగమన్నాడు. గొట్టంలోకి నీళ్ళు పోశాడు. నీళ్ళు పడితే ఆ తుపాకీ ఆరేదాకా పనికిరాదు, ఆ పూటకు పందెం పోయినట్టే. మందు బాగా నానేదాకా ఆగి, కర్ర చివర మెలి తిరిగిన ఇనుప కొక్కెం బిగించి, లోపలికి దింపి తిప్పి లాగాడు. గుండు ఒకటి బయటికి వచ్చి దుప్పటి మీద దొర్లింది. ఆయన ఆగలేదు. మళ్ళీ దింపాడు, మళ్ళీ లాగాడు. రెండో గుండు వచ్చింది.

కాల్చు అన్న తమ్ముడు దగ్గరికొచ్చి జద్దీ నుదురు ముద్దుపెట్టుకుని, అక్కడే కూలబడి ఏడ్చాడు. అప్పుడు అందరికీ ఒక్కసారిగా నోళ్ళు పెగిలాయి. అల్‌హందులిల్లా అనేవాళ్ళు, వాటేసుకునేవాళ్ళు, పందెం సంగతే మరిచిపోయారు. మా నాయన ముందుకెళ్ళి, తల వంచుకుని, కర్ర తోమింది మా ఇంట్లోనేనని, ఆమెకు తెలియదని అరబ్బీలో చెప్పాడు. జద్దీ ఆయన భుజం తట్టి గహ్వా తాగమన్నాడు.

ఇంటికి వచ్చాక నాయన తలుపు వేసి అమ్మకు జరిగింది చెప్పాడు.

"నువ్వు తోమిండేది మురికి గాదు మే. ఆయప్ప పానం."

"నల్లగా ఉంటే మురికనుకుంటి. సెప్పినారా నాకు ఎవురన్నా?" అంది అమ్మ. అని, గోడకు జారిగిలబడి కూర్చుండిపోయింది. ఆయన కళ్ళు పోయి ఉంటే, ఆయన పిల్లల మొహం ఎట్లా చూసేవాళ్ళం అని ఏడ్చింది. వీసా గురించి ఆమె అప్పుడు ఒక్క మాట అనలేదు. పొద్దున నేను లేచేసరికి మాత్రం పెట్టె దించి బట్టలు మడత పెడుతూ ఉంది.

జద్దీ ఆ పొద్దున్నే వచ్చాడు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో తారు డబ్బా. ఆయన అలవాటు ప్రకారం గడప అవతలే నిలబడి, చూపు పక్కకు తిప్పుకుని, నాయన ద్వారా అమ్మతో మాట్లాడాడు. గీత తనకు తెలిస్తే చాలనుకున్నాడట. తన భార్యకు చెప్పాడట గానీ, ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడు అదేమిటో చెప్పటం తన పని అట, అది చెయ్యలేదట. కాబట్టి తప్పు తనదన్నాడు. కత్తితో గాటు పెట్టుకోవచ్చు గానీ, గాటు పెట్టినచోట కర్ర విరుగుతుంది, తారే మేలన్నాడు. కొత్త గీత అమ్మే వేయాలన్నాడు.

అమ్మ వద్దు వద్దంటూనే వచ్చింది. కొలత జద్దీ చూపించాడు. గోరింటాకు పెట్టే పుల్లతో అమ్మ ఊపిరి బిగబట్టి కర్ర చుట్టూ గీత తిప్పింది. జద్దీ దాన్ని వెలుతురులో పెట్టి చూసి, తను గీసినది ఎప్పుడూ ఇంత తిన్నగా రాలేదన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ మధ్యాహ్నం బట్టలన్నీ తిరిగి బీరువాలోకి వెళ్ళాయి, నేను పెట్టెలో కూర్చుని బండి ఆట ఆడుకున్నాను.

ఆ చలికాలమంతా నేను విన్న పెద్దవాళ్ళ మాటలు ఒకలాంటివే. బాంబులు ఇక్కడికి వస్తాయని ఒకరు, రానే రావని ఒకరు, అందరూ కళ్ళారా చూసినట్టే చెప్పేవాళ్ళు. ఎవరి మాట నమ్మాలో తెలియక నేను మంచం కిందికి పోయేదాన్ని. అంత పెద్దమనిషి అంతమందిలో తెలియదు అనటం నాకు అదే మొదటిసారి వినటం. ఆ మాట విన్నాక భయం పెరగాలి కదా. నాకు తగ్గింది.

ఇప్పుడు నేను నర్సుని, జుట్టు నెరిసిపోయింది. వార్డులో ఏదో పని మధ్యలో ఎవరో పిలుస్తారు, తిరిగి వచ్చేసరికి ఈ మందు ఇచ్చానా లేదా అని సందేహం వస్తుంది. ఇచ్చే ఉంటావులే అని ఒకరు, ఇవ్వలేదు ఇచ్చెయ్యి అని ఒకరు. అటువైపు డాక్టరు గారు విసుగ్గా చూస్తుంటారు. నాకు గుర్తులేదండీ, ముందు చూద్దాం ఆగండి అని అందరిలోనూ చెప్పేస్తాను. మొహం వేడెక్కుతుంది, చివాట్లు పడతాయి. రోగి మాత్రం క్షేమంగా ఉంటాడు, ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోతాను.

కొన్నేళ్ళకు మేము ఆ దేశం వదిలి వచ్చేస్తుంటే జద్దీ విమానం దాకా సాగనంపడానికి వచ్చాడు. నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు దువా చదివాడు. ఆ బరువు నాకు ఇవాళ్టికీ తెలుస్తూనే ఉంటుంది. ఐదు వేళ్ళూ ఉన్న చెయ్యి అది.